కొలిచి ఇవ్వవలసిన మందు

ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ వైద్య విద్యార్థులు వచ్చి కూర్చోండి. అతిథుల కోసం అట్టేపెట్టినవేమో, వాళ్లొస్తే అప్పుడు లేద్దురు గాని.

యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మారక సభ ఇది. ఇలాంటి సభల్లో చెప్పే మాటలు మీకు చాలావరకు కంఠతా వచ్చు: 1895లో భీమవరంలో పుట్టడం, 1923లో బోస్టన్ చేరడం, ఏటీపీ, ఫోలిక్ ఆసిడ్, ఆరియోమైసిన్, బోదకాలు మందు, రాని నోబెల్ బహుమతి, 53 ఏళ్లకే కన్నుమూయడం. ఆ జాబితా మళ్లీ చదవను. అందరూ ఒక వాక్యంలో దాటేసే ఒక్క సంగతి దగ్గర ఆగుతాను.

1925లో ఆయన, సైరస్ ఫిస్కే కలిసి ఒక కొలత పద్ధతిని ప్రచురించారు. రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్ ఎంత ఉందో తేల్చే పద్ధతి అది. నమూనాలో మాలిబ్డేట్ కలిపి, మరో రసాయనం చేరిస్తే నీలిరంగు తేలుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఇంతే. నా తరం వాళ్లు బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో మార్కుల కోసం చేసి మరిచిపోయిన ప్రయోగమే. కానీ సుబ్బారావుగారు కండరం నుంచి తీసిన ద్రవాన్ని అదే పద్ధతిలో పరీక్షిస్తుంటే రంగు మామూలు వేగంతో రాలేదు, ఆలస్యంగా చిక్కబడుతూ పోయింది. మరొకరైతే రసాయనం పాతబడిందని పారబోసేవారు. వాళ్లు పారబోయలేదు. ఫాస్ఫోక్రియాటిన్ అలా దొరికింది, దాని వెనకే ఏటీపీ వచ్చింది. ఆ మహానుభావుడు మొదట కొలిచేవాడు, మందులు చేసేవాడు తర్వాత. ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చిన ఫోలిక్ ఆసిడ్ విరోధులు ఉన్నాయే, ఈనాటి మెథోట్రెక్సేట్ వాటి కోవలోదే, ఆ మందు వాడే రోగికి రక్తకణాలు లెక్కపెట్టకుండా నెలలు గడిపితే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ఈ సభకు నేను ఎంచుకున్న మందు స్పైరనోలాక్టోన్. అధిక రక్తపోటుకు, గుండె వైఫల్యానికి వాడే పాత మాత్ర. దీని పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది, ధర తక్కువ, పొగిడి అమ్మేవాళ్లు కూడా పెద్దగా లేరు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఈ మాత్ర మనిషిని నిలబెడుతుందా, పడగొడుతుందా అన్నది సగం మాత్రలో ఉంటే, మిగతా సగం దాని వెంట జరగవలసిన రక్తపరీక్షలో ఉంది. ఆ రెండో సగాన్ని మనం ఎవరి చేతికీ అప్పగించలేదు.

1

మూత్రపిండాల నెత్తిన టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. వాటి పైపొర నుంచి వచ్చే హార్మోను అల్డోస్టిరాన్. మూత్రంలోకి పోబోతున్న సోడియాన్ని వెనక్కి లాక్కుని, బదులుగా పొటాషియాన్ని బయటికి పంపడం దాని పని. సోడియం వెంట నీరూ నిలుస్తుంది, రక్తపోటు నిలుస్తుంది. ఉప్పు అరుదుగా దొరికిన కాలంలో, వాంతులు, విరేచనాలు, గాయాలు, ఎండ ఇవన్నీ శరీరంలోని నీటిని లాగేసే కాలంలో ఈ హార్మోనే మనల్ని బతికించింది.

కరువు చూసిన పెద్దావిడ గాదె నిండా ధాన్యం ఉన్నా గుప్పెడు గుప్పెడు దాస్తూనే ఉంటుందే, అలాంటిది అల్డోస్టిరాన్. ఆవకాయ, అప్పడం, చారు, బయట తిండి అన్నీ కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన రోజుకు 5 గ్రాముల ఉప్పు హద్దును మనం సునాయాసంగా దాటేస్తాం. అయినా గుండె బలహీనపడి మూత్రపిండానికి రక్తం సరిగా అందకపోతే, శరీరానికి అది కరువుగానే తోస్తుంది. రెనిన్ పెరుగుతుంది, యాంజియోటెన్సిన్ పెరుగుతుంది, దాని వెనక అల్డోస్టిరాన్. ఉన్న నీరు చాలదన్నట్టు ఇంకా దాస్తుంది. కాళ్లు వాస్తాయి, పడుకుంటే ఆయాసం, రాత్రి లేచి కూర్చుంటే గాని ఊపిరాడదు. అంతటితో ఆగదు. గుండె కండరంలోనే ఈ హార్మోను పోయి కూర్చునే గ్రాహకాలున్నాయి. అది అతిగా తగిలితే కండరం మధ్య పీచు పేరుకుని గుండె బిరుసెక్కుతుంది. స్పైరనోలాక్టోన్ చేసేది ఆ గ్రాహకాన్ని ముందే ఆక్రమించడం. హార్మోను వస్తుంది, చోటు దొరకదు.

2

ఈ హార్మోను దొరికిన తీరు కూడా కొలత కథే. లండన్‌లో సిల్వియా సింప్సన్, జేమ్స్ టేట్ అనే ఇద్దరు (తర్వాత భార్యాభర్తలయ్యారు) అడ్రినల్ సారంలో సోడియాన్ని పట్టి ఉంచే పదార్థం ఏదో ఉందని అనుమానించారు. అడ్రినల్ తీసేసిన ఎలుకలకు ఆ సారం ఇచ్చి మూత్రంలో సోడియం, పొటాషియంల నిష్పత్తి చూడడం వాళ్ల పరీక్ష. పదార్థం ఏమిటో తెలియదు, అయినా దాని పనిని మాత్రం కచ్చితంగా కొలవగలరు. స్విట్జర్లాండులో రైక్‌స్టైన్ బృందంతో చేతులు కలిపి, వందల కిలోల పశువుల గ్రంథుల నుంచి మిల్లీగ్రాముల లెక్కన స్ఫటికాలు తీసి 1953లో లోకానికి చూపించారు.

మరుసటి ఏడాది అమెరికాలోని మిషిగన్‌లో జెరోమ్ కాన్ దగ్గరికి 34 ఏళ్ల స్త్రీ వచ్చింది. ఏళ్ల తరబడి కండరాలు పట్టేయడం, ఒక్కోసారి కాళ్లు చచ్చుబడడం, దాంతో పాటు రక్తపోటు. రక్తంలో పొటాషియం చాలా తక్కువ. ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కాన్ ఉష్ణమండలానికి పంపే సైనికుల చెమట మీద పనిచేశాడు. వేడికి అలవాటుపడ్డ మనిషి చెమటలో ఉప్పు తగ్గిపోతుందని, ఆ పొదుపు అడ్రినల్ చేయిస్తోందని ఆయన అనుకున్నాడు. మే నెలలో రెంటచింతలలో పొలం పని చేసేవాళ్లకు ఇది పుస్తకం చూడకుండానే తెలిసి ఉండాలి! మొత్తానికి ఆ స్త్రీ చెమట పట్టి చూస్తే, ఎండలో లేకపోయినా ఉప్పు తక్కువగా ఉంది. కొత్తగా పేరు విన్న హార్మోను ఈమెలో పొంగిపొర్లుతోందని కాన్ లెక్కవేశాడు. స్కానులు లేని రోజులవి. నెలల తరబడి తిన్నదీ పోయిందీ తూచి, కొలిచి, ఆ లెక్క మీద నమ్మకంతో కడుపు కోయించాడు. గ్రంథి మీద గడ్డ కనిపించింది. తీసేశాక ఆమె కోలుకుంది.

ఈ జబ్బు అరుదని పుస్తకాలు చాలాకాలం చెప్పాయి. చూడనిది అరుదుగానే కనిపిస్తుంది. వెతకడం మొదలుపెట్టాక, రక్తపోటు ఉన్న నూరు మందిలో ఐదుగురి నుంచి పదిమంది దాకా, మూడు మందులకూ లొంగని రక్తపోటులో అంతకు రెట్టింపు కనిపిస్తోంది. విద్యార్థులారా, ముప్పై ఏళ్లకే బీపీ వచ్చి పొటాషియం తక్కువగా ఉన్న మనిషిని ‘టెన్షన్ తగ్గించుకో’ అని పంపేయకండి.

3

హార్మోను తెలిశాక దానికి విరోధి తయారవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. సర్ల్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు 1957 నాటికే చేశారు, కొద్ది ఏళ్లలో ఆల్డాక్టోన్ పేరుతో బజారులోకి వచ్చింది. తర్వాత నలభై ఏళ్లు అది నీరు పోయే మాత్రల గుంపులో ఒక మూల పడి ఉంది. కాలేయం చెడి పొట్టలో నీరు చేరినవాళ్లకు ఇచ్చేవారు, ఇప్పటికీ ఇస్తాం. గుండె జబ్బులో మాత్రం యాంజియోటెన్సిన్ తయారవకుండా అడ్డుకునే ఏసీఈ నిరోధకాలు వచ్చాక అల్డోస్టిరాన్ దానంతటదే అణిగిపోతుందనుకున్నారు. అణగలేదు, కొన్నాళ్లకు మళ్లీ తలెత్తుతుంది.

బెర్ట్రామ్ పిట్ నాయకత్వంలో రేల్స్ అనే అధ్యయనం ఈ అనుమానాన్ని తేల్చింది. తీవ్రమైన గుండె వైఫల్యం ఉన్న 1,663 మంది. అప్పటికి ఉన్న మందులన్నీ వాడుతూనే సగం మందికి రోజుకు 25 మిల్లీగ్రాముల స్పైరనోలాక్టోన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. సగటున రెండేళ్లు చూసేసరికి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి 46 మంది, అసలు మాత్ర వేసుకున్నవాళ్లలో 35 మంది చనిపోయారు. ఇక కొనసాగించడం ధర్మం కాదని అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపేశారు. 1999లో అచ్చయింది. నూటికి పదకొండు ప్రాణాలు, అదీ ఒక పాత చవక మాత్రతో.

రక్తపోటు సంగతి 2015లో పాత్‌వే-2 అనే అధ్యయనం తేల్చింది. మూడు మందులకు లొంగని రక్తపోటులో నాలుగో మందు ఏది? ఒకే రోగికి వంతులవారీగా స్పైరనోలాక్టోన్, బిసోప్రొలాల్, డోక్సాజోసిన్, ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఇంట్లో బీపీ చూపించారు. స్పైరనోలాక్టోన్ పై అంకెను ఉత్తుత్తి మాత్ర కంటే 8.7 మిల్లీమీటర్లు ఎక్కువ దించింది, మిగతా రెండు మందుల కంటే నాలుగేసి. డాక్టరు ముందు చూసిన బీపీ కాదు సుమా, ఇంట్లో కుదురుగా కూర్చుని చూసుకున్న బీపీ.

4

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రేల్స్ అచ్చయిన తర్వాత ఏం జరిగిందో కెనడాలోని ఆంటేరియో రాష్ట్రంలో లెక్క తీశారు. అక్కడ వృద్ధుల మందుల చీటీలు, ఆసుపత్రి చేరికలు ప్రభుత్వ లెక్కల్లో ఉంటాయి కాబట్టి దాచడానికి లేదు. గుండె వైఫల్యంతో ఆసుపత్రికి వెళ్లి, ఏసీఈ నిరోధకాలు వాడుతున్న వృద్ధుల్లో స్పైరనోలాక్టోన్ వాడకం 1994లో వెయ్యికి 34, 2001 చివరికి 149. ఇంతవరకు సంతోషమే. కానీ అల్డోస్టిరాన్ పనిని అడ్డుకుంటే పొటాషియం ఒంట్లోనే నిలిచిపోతుంది. రక్తంలో పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవాళ్లు వెయ్యికి 2.4 నుంచి 11కు పెరిగారు. ఆ కారణంగా చనిపోయినవాళ్లు 0.3 నుంచి 2కు. ఈ అధ్యయనం 2004లో వచ్చింది.

మాత్ర ఒకటే. మరి తేడా ఎక్కడ? రేల్స్‌లో పొటాషియం 5 దాటినవాళ్లను, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.5 దాటినవాళ్లను మొదట్లోనే చేర్చుకోలేదు. చేర్చుకున్నవాళ్లకు మొదటి మూడు నెలలూ నాలుగేసి వారాలకు, తర్వాత మూడేసి నెలలకు రక్తం తీసి చూశారు. అక్కడ ప్రమాదకరంగా పొటాషియం పెరిగింది నూటికి ఇద్దరిలోనే. బయట లోకంలో డాక్టర్లు ఫలితాన్ని చదివారు, ఆ ఫలితం వచ్చిన పద్ధతిని వదిలేశారు. ఇంకా పెద్దవయసువాళ్లకు, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు, మధుమేహం ఉన్నవాళ్లకు రాశారు, రాసి పంపేశారు.

పొటాషియం పెరిగితే ఏమవుతుందో వైద్యులు కానివారి కోసం చెప్పాలి. రక్తంలో మామూలుగా అది 3.5 నుంచి 5 మధ్య ఉంటుంది. 6 దాటి పైకి పోతుంటే గుండె విద్యుత్తు తడబడుతుంది. నొప్పి ఉండదు, ఆయాసం ఉండకపోవచ్చు, కాళ్లలో కాస్త నీరసం, అంతే. ఈసీజీలో టీ తరంగాలు సూదుల్లా లేస్తాయి, తర్వాత గీత వెడల్పవుతుంది, ఆపైన గుండె ఆగుతుంది. ఇంట్లోవాళ్లు ‘రాత్రి బాగానే అన్నం తిన్నాడండీ’ అంటారు. గుండె జబ్బు మనిషి కాబట్టి గుండెపోటు అని రాసుకుంటాం. పొటాషియం ఎవరూ చూసి ఉండరు.

ఇక్కడ ఆగిపోతే ఈ మాత్ర మీద భయం పుడుతుంది, అది నా ఉద్దేశం కాదు. స్కాట్లండులోని టేసైడ్ ప్రాంతంలో నాలుగు లక్షల జనాభా మీద ఇదే లెక్క తీసి 2010లో ప్రచురించారు. అక్కడా రేల్స్ తర్వాత వాడకం బాగా పెరిగింది, ఆసుపత్రి చేరికలు మాత్రం ఆంటేరియోలో లాగా పెరగలేదు. రక్తపరీక్షలు క్రమంగా జరగడమే దానికి కారణమని ఆ పరిశోధకులు భావించారు. నాకూ అదే సబబుగా తోస్తుంది.

కొలత మరో రకంగా కూడా బుద్ధి చెప్పింది. గుండె ముడుచుకోవడం బాగానే ఉండి బిరుసెక్కిన రకం వైఫల్యంలో ఈ మందు పనిచేస్తుందా అని టాప్‌క్యాట్ అనే అధ్యయనం చేశారు. 2014లో ఫలితం చప్పగా వచ్చింది. అమెరికా ఖండాల రోగుల్లో కొంత మేలు కనబడింది, రష్యా, జార్జియా రోగుల్లో ఏమీ లేదు. తర్వాత ఎవరికో తట్టి, దాచిపెట్టిన నమూనాల్లో ఈ మందు శరీరంలో మారి ఏర్పడే కాన్రినోన్ కోసం వెతికారు. రోజూ మాత్ర వేసుకుంటున్నామని చెప్పిన రష్యా రోగుల్లో నూటికి 30 మంది రక్తంలో దాని జాడే లేదు. అమెరికా, కెనడాల్లో జాడ లేనివాళ్లు నూటికి ముగ్గురే. మందు పనిచేయలేదని తీర్పు చెప్పే ముందు, మందు ఒంట్లోకి వెళ్లిందా అని చూడాలి గదా!

5

మన దగ్గర రెండు తప్పులూ పక్కపక్కనే జరుగుతున్నాయి. ఒక డాక్టరు పొటాషియానికి భయపడి, అవసరమైన గుండె రోగికి కూడా ఈ మాత్ర రాయడు. పక్క వీధి డాక్టరు ఇంకో నీటి మాత్రతో కలిపి ఉన్న బిళ్ల రాస్తాడు, రోగి ఆ చీటీనే మెడికల్ షాపులో చూపించి ఏళ్ల తరబడి తెచ్చుకుంటాడు. చీటీ మడతల దగ్గర చిరిగి, ప్లాస్టిక్ సంచిలో అంటుకుపోయి ఉంటుంది గాని మందు మాత్రం ఆగదు.

ఆ సంచి బల్ల మీద కుమ్మరించమని అడగండి. నేను ఎప్పుడూ అడుగుతాను. స్పైరనోలాక్టోన్ ఉంటుంది. దాని పక్కనే టెల్మిసార్టానో, రామిప్రిలో, అదీ పొటాషియాన్ని పెంచేదే. అడుగున పేరు లేని కాగితం పొట్లంలో మోకాళ్ల నొప్పి మాత్రలు. అవి మూత్రపిండానికి పోయే రక్తనాళాన్ని బిగిస్తాయి. ‘బీపీకి మంచిదన్నారు’ అని తెచ్చుకున్న సోడియం తక్కువ ఉప్పు ఇంట్లో ఉంటుంది. సోడియం తగ్గించి దాని చోట కలిపింది పొటాషియం క్లోరైడే. వేరేవాళ్లకు మేలు చేసే ఉప్పు ఈ రోగికి విషమైపోగలదు. నీరసంగా ఉందని రోజూ రెండు కొబ్బరి బోండాలు. విడివిడిగా ఒక్కటీ నేరం కాదు, పైగా ప్రతిదీ ఎవరో ఒకరు ప్రేమతో ఇచ్చిన సలహానే.

పురుషుల విషయంలో ఇంకొకటి. ఈ మందు స్టెరాయిడ్ ఆకారంలోనిది కాబట్టి పురుష హార్మోను గ్రాహకాలనూ కొంత అడ్డుకుంటుంది. రేల్స్‌లో నూటికి పదిమంది మగవాళ్లకు రొమ్ములు నొప్పి పెట్టాయి, లేదా పెరిగాయి. మా దగ్గరికి వచ్చే పెద్దాయన భుజం మీది తువ్వాలు రొమ్ముకు అడ్డంగా లాక్కుని కూర్చుంటాడు, పరీక్షకు చొక్కా విప్పమంటే కోడలి వైపు చూస్తాడు. అడిగితే చెప్పడు. ఇంటికి వెళ్లి ఆ మాత్ర ఒక్కటీ మానేస్తాడు, రెండు నెలలకు కాళ్ల వాపుతో వస్తాడు. కోడల్ని కాసేపు బయట కూర్చోబెట్టి అడగాలి. ఎప్లరినోన్ అనే తమ్ముడి వరస మందులో ఈ బాధ బాగా తక్కువ, గుండెపోటు తర్వాత బలహీనపడ్డ గుండెకు అది మేలు చేస్తుందని 2003లోనే రుజువైంది. ధర కాస్త ఎక్కువ. కొత్తగా వచ్చిన ఫినరినోన్ స్టెరాయిడ్ కాదు. మధుమేహంతో చెడుతున్న మూత్రపిండాలకు, 2024 నాటి అధ్యయనం ప్రకారం బిరుసెక్కిన గుండెకు కూడా పనికొస్తుంది. బాగుంది. దానికీ పొటాషియం చూడక తప్పదు.

పరీక్ష అన్నాను గదా, అదీ తిన్నగా జరగదు. ఊళ్లో తీసిన రక్తం సీసాలో పెట్టుకుని కుర్రాడు మోటారు సైకిలు మీద ఎండలో పట్నం లాబుకు తీసుకెళ్తాడు. కుదుపులకు ఎర్రకణాలు పగిలి, లోపలి పొటాషియం బయటికి వచ్చి, లేని ప్రమాదం కాగితం మీద కనబడుతుంది. రక్తం తీసేటప్పుడు పిడికిలి పదే పదే బిగించి విప్పమన్నా అంతే. 6.2 అని రిపోర్టు వస్తే ముందు మళ్లీ తీసి చూడండి, కానీ ఆ లోపు ఈసీజీ తీయకుండా ఇంటికి పంపకండి. ఉద్దానం లాంటి చోట్ల, ఏ లక్షణమూ లేకుండా మూత్రపిండాలు దెబ్బతిన్న మనుషులు ఊరూరా ఉన్న చోట, క్రియాటినిన్ చూడకుండా ఈ మాత్ర మొదలుపెట్టడం వైద్యం అనిపించుకోదు.

మొదలుపెట్టాక వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి, ఆపైన మూడు నాలుగు నెలలకోసారి రక్తం చూడాలి. వైద్యులకు ఇది తెలియనిది కాదు. కానీ తెలిసిన డాక్టరు పట్నంలో ఉంటాడు, మాత్ర ఊళ్లో ఉంటుంది. ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూసే ఏఎన్‌ఎమ్‌లు, ఆశా కార్యకర్తలు ఇప్పటికే ఉన్నారు. బీపీ ఎంతో రాసుకునే పుస్తకంలో ‘ఈ మాత్ర వాడుతున్నారా? పొటాషియం చివరిసారి ఎప్పుడు చూశారు?’ అనే రెండు గడులు చేర్చడానికి కొత్త శాఖ అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. వేలి చుక్కతో అక్కడికక్కడే పొటాషియం చెప్పే నమ్మకమైన చవక పరికరం మన ఇంజినీరింగు పిల్లలు చేస్తే అంతకన్నా కావలసిందేముంది. అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు మరి.

ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన ధర్మనిధి నిర్వాహకులకు ఒక విన్నపం. ఉపన్యాసాన్ని పుస్తకంగా వేస్తామన్నారు, సంతోషం. దాంతో పాటు అరచేతిలో పట్టే ఒక అట్ట కార్డు కూడా పెద్ద అక్షరాలతో వేయించండి. మాత్రల డబ్బాలో పట్టాలి. ఒక వైపు: ఈ మాత్ర గుండెకు బలం, చెప్పకుండా మానవద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే తగ్గేదాకా ఆపి, వెంటనే డాక్టరుకు ఫోను చేయండి. నొప్పి మాత్రలు, పొటాషియం కలిపిన ఉప్పు వద్దు. కొబ్బరి నీళ్లు అడిగి తాగండి. రొమ్ము నొప్పి ఉంటే సిగ్గుపడకండి, మందు మార్చవచ్చు. రెండో వైపు ఖాళీ గళ్లు: తేదీ, పొటాషియం, క్రియాటినిన్, బీపీ. నమూనా ఒకటి చేతితో రాసి బయట పుస్తకాల బల్ల మీద పెట్టాను. వెళ్లేటప్పుడు చూసి, భాష కష్టంగా ఉన్న చోట పెన్సిలుతో దిద్దండి. ముఖ్యంగా ఏఎన్‌ఎమ్ చెల్లెళ్లు.